మనోడే బిడ్డా!

క్రికెట్ మీద నేను వ్యాసం రాస్తున్నానంటే మా ఇంట్లో ఒకటే నవ్వు. నవ్వరూ మరి! పెళ్ళయిన కొత్తలో మావారు "ఎల్‌బీడబ్ల్యూ అంటే ఏమిటో చెప్పు చూద్దాం" అని అడిగితే, ఏదో ఉద్యోగుల సంఘం పేరనుకున్న మహాతల్లిని నేను. సిల్లీ పాయింటుకి ఆ పేరెందుకొచ్చిందో ఇప్పటికీ నాకు బోధపడలేదు. కనుక పాఠకురాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఆటలోని మెళకువలు చెప్పే సాహసం చెయ్యను. ఒక మనిషి కథ చెబుతాను. ఆయన పుట్టిన ఊరి కథ చెబుతాను. ఆ రెంటి మధ్యా నలిగిన "మన" అనే చిన్న మాట సంగతి కూడా చెబుతాను.

మేముండేది నాచారంలో. బయటివాళ్ళకి నాచారం అంటే రామారావుగారి రామకృష్ణా స్టూడియో గుర్తొస్తుంది, లేకపోతే ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. నాకు మాత్రం మ్యాచి రోజున ఇంటికి ఆలస్యంగా వచ్చే మావారు గుర్తొస్తారు. ఎందుకంటే ఉప్పల్ స్టేడియం మాకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. అక్కడ మ్యాచి ఉందంటే హబ్సిగూడ నుంచి ఉప్పల్ దాకా రోడ్డు రోడ్డంతా బిగుసుకుపోతుంది. మెట్రో రైలొచ్చాక కొంత నయం. స్టేడియం పేరుతోనే ఒక స్టేషను ఉంది కూడాను. అయినా ఆ రోజు మా వీధిలోకి ఆటో రమ్మంటే రాడు. పనమ్మాయి ముందురోజే చెప్పేస్తుంది, "అమ్మా, రేపు మ్యాచి, నేను రానేమో" అని. ఆ మ్యాచికీ ఈ అంట్లకీ ఏమిటి సంబంధమో!

ఇక కథలోకి వస్తాను.

2023 అక్టోబరు 10. ప్రపంచకప్ పోటీల్లో ఉప్పల్లో పాకిస్తాన్‌కీ శ్రీలంకకీ మ్యాచి. పాకిస్తాన్ జట్టు ఇండియాకి వచ్చి అప్పటికి ఏడేళ్ళయింది. శ్రీలంకవాళ్ళు ఏకంగా 344 పరుగులు చేసి కూర్చున్నారు. మా చిన్నాడు అప్పుడు తొమ్మిదో తరగతి. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు టీవీకి అప్పగించి కూర్చున్నాడు. వాడి పక్కనే సోఫాలో మా వీధి చివరింటి పెద్దాయన. వాళ్ళింట్లో ఆ వేళకి కోడలి సీరియల్ వస్తుంది. అందుకని మ్యాచి ఉన్నప్పుడల్లా ఆయన మా ఇంటికొచ్చేస్తారు. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి. పుట్టింది, పెరిగింది ఉప్పల్లోనే. రిటైరయ్యాక మా వీధిలో ఇల్లు కట్టుకున్నారు. కాఫీలో పంచదార వద్దంటారు గానీ, వెయ్యకపోతే "జర తక్కువైందమ్మా" అంటారు.

ఆ రోజు పాకిస్తాన్ కుర్రాళ్ళిద్దరు, షఫీక్, రిజ్వాన్, చెరో సెంచరీ కొట్టారు. 345 పరుగులు చేసి గెలిచేశారు. ప్రపంచకప్‌లో అంతవరకు ఎవరూ అంత పెద్ద స్కోరుని వెంటాడి గెలవలేదట. ఉప్పల్లో జనం ఊరికే ఉన్నారా? బాగా ఆడినవాడికి చప్పట్లు కొట్టారు. పెద్దాయన కూడా మా సోఫాలో కూర్చుని, రెండు చేతులూ ఎత్తి మరీ చప్పట్లు కొట్టారు.

మా చిన్నాడు గిర్రున తిరిగాడు. "తాతా! మీరెవరి పక్షం?"

పెద్దాయన తడుముకోలేదు. "ఆటగాని పక్షం. అయినా ఒకప్పుడు గా టీముకు కెప్టెనెవరనుకున్నవ్? మనోడే బిడ్డా! గీ హైద్రాబాదోడే!"

"ఊరుకోండి తాతా, పాకిస్తాన్ కెప్టెన్ మనవాడేమిటి?" అంటూ వాడు ఫోను తీశాడు. ఈ కాలం పిల్లలకి పెద్దవాళ్ళ మాట మీద నమ్మకం ఫోను చెప్పాకనే కదా కుదిరేది! ఒక నిమిషం చూశాడు. మొహం మారిపోయింది. "అమ్మా, నిజమే! పుట్టింది హైదరాబాదే!"

ఆ రాత్రి వాడు పడుకున్నాడు గానీ నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చివర్లో చెబుతాను. ముందు ఆ మనోడెవరో చెప్పాలి.

ఆయన పేరు అసిఫ్ ఇక్బాల్. 1943 జూన్ 6న హైదరాబాదులో పుట్టాడు. క్రికెట్ ఆ ఇంట్లో కూరలో ఉప్పులాంటిది. ఆ కుటుంబంలోనే గులాం అహ్మద్ అనే మహానుభావుడున్నాడు. 22 టెస్టులాడి 68 వికెట్లు తీసిన ఆఫ్ స్పిన్నరు, భారత జట్టుకి కెప్టెన్. అసిఫ్‌కి ఆయన "అంకుల్" అని పుస్తకాలన్నీ రాస్తాయి. ఇంగ్లీషు భాషకి బాబాయీ, పెదనాన్నా, మేనమామా అందరూ ఒక్కటే కదా! వరస ఏదైనా, కుర్రాడు తలెత్తి చూసి "నేనూ అలా అవుతాను" అనుకోదగిన పెద్దమనిషి ఇంట్లోనే ఉన్నాడన్నమాట.

1955 నవంబరులో హైదరాబాదుకి మొట్టమొదటి టెస్టు మ్యాచి వచ్చింది. వచ్చినవాళ్ళు న్యూజీలాండు వాళ్ళు. ఆడింది ఫతేమైదాన్‌లో. ఆ మైదానమే తర్వాత 1967లో లాల్ బహదూర్ శాస్త్రి స్టేడియం అయింది. ఆ మ్యాచికి మన కెప్టెన్ ఎవరనుకున్నారు? గులాం అహ్మదే. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు. పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు కొట్టిన మొదటి డబుల్ సెంచరీ అదే. అప్పటికి అసిఫ్‌కి పన్నెండేళ్ళు.

మా పెద్దాయనకి పదేళ్ళు. "అన్న సైకిల్ ముంగట కూసోని పోయిన" అని చెబుతారు. ఉప్పల్ నుంచి ఫతేమైదాన్ అంటే ఎంత దూరం! "గప్పుడు ఉప్పల్ ఊరే అమ్మా. పొలాలుండె, చెరువుండె. అంబర్‌పేట దాటినంక పట్నం షురూ. ఇగ గిదంత ఎక్కడిది?" అని చెయ్యి గాల్లో తిప్పుతారు. ఆ చెయ్యి తిప్పిన మేర ఇవాళ స్టేడియం, మెట్రో, మాల్సు, మా అపార్ట్‌మెంట్లు అన్నీ పడతాయి.

ఆ రోజుల్లో హైదరాబాదులో కుర్రాళ్ళ క్రికెట్ ఎలా ఉండేదో పెద్దాయన చెబుతుంటే వినడం నాకొక వినోదం. గడ్డి తివాచీల్లాంటి పిచ్చిలు ఎక్కడో పెద్ద మైదానాల్లోనే. క్లబ్బుల ఆటంతా మ్యాటింగు మీదే. కొబ్బరిపీచు చాపని నేల మీద బిగించి, నాలుగు పక్కలా మేకులు కొట్టి ఆడేవారు. పొద్దున్నే ఆ చాప మోసుకెళ్ళడం, సాయంత్రం చుట్టబెట్టి తేవడం జట్టులో చిన్నవాళ్ళ వంతు. చాప మోసినవాడికే మర్నాడు నెట్సులో నాలుగు బంతులు వేసే భాగ్యం. సికింద్రాబాదులో జింఖానా మైదానం, పెరేడ్ గ్రౌండు. ఇటు నిజాం కాలేజీ మైదానం. ఇక ఏటా మొయినుద్దౌలా గోల్డ్ కప్పు పోటీలు వచ్చాయంటే ఊరికి పండగే. 1930 ప్రాంతాల్లో మొదలైన ఆ పోటీలకి దేశంలోని పేరున్న ఆటగాళ్ళంతా హైదరాబాదు వచ్చేవారు. చాప మోసే కుర్రాడు అంతటివాళ్ళని బౌండరీ గీత పక్కన కూర్చుని చూడగలిగేవాడు.

పెద్దాయన కూడా ఒక చిన్న క్లబ్బుకి నాలుగేళ్ళు ఆడారట. "ఎట్లాడేవారు?" అనడిగితే, "బౌలింగ్ ఏసెటోణ్ణి. ఎక్కువ ఏం లేదు. మా అమ్మ ప్యాంటు ఉతుకుడే ఎక్కువ" అన్నారు. బౌలరు బంతిని తొడకి రుద్ది రుద్ది మెరుగుపెడతాడు కదా! తెల్లప్యాంటు మీద ఆ ఎర్రమరక ఒక పట్టాన పోయేది కాదట. తల్లి సబ్బు అరగదీసి, రాయి మీద బాది, చివరికి "నువ్వు బ్యాటింగన్నా నేర్చుకోరాదురా" అనేదట. ఈ ముక్క నాకు భలే నచ్చింది. క్రికెట్ చరిత్ర రాసినవాళ్ళెవరైనా ఆ ఎర్రమరకలు ఉతికిన తల్లుల సంగతి రాశారా? ప్రతి బౌలరు వెనకా ఒక సబ్బుబిళ్ళ ఉంటుంది!

అసిఫ్ కూడా మొదట బౌలరే. తర్వాత లోకం అతన్ని బ్యాట్స్‌మన్‌గా ఎరుగును గానీ, హైదరాబాదులో ఆడిన రోజుల్లో కొత్త బంతితో మీడియం ఫాస్టు వేసే కుర్రాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివాడు, ఆడాడు. ఉస్మానియా అంటే మాకు పక్కిల్లే. నాచారం నుంచి తార్నాక దాటితే యూనివర్సిటీ గేటు. ఇవాళ్టికీ పొద్దున్నే మావారు నడకకి వెళ్ళేదక్కడికే. 1959-60లో, ఇంకా పదహారేళ్ళ వయసులోనే, అసిఫ్ హైదరాబాదు రంజీ జట్టులోకి వచ్చాడు. సౌత్ జోనుకి కూడా ఆడాడు.

అప్పుడు హైదరాబాదు క్రికెట్ ఎలా వెలిగిపోతోందో తెలుసా? 1959లో మన అబ్బాస్ అలీ బేగ్ ఇంగ్లండులో చదువుకుంటూ, ఉన్నపళంగా పిలుపొస్తే వెళ్ళి మాంచెస్టరులో మొదటి టెస్టులోనే 112 కొట్టాడు. అదే ఏడు జయసింహ టెస్టుల్లోకి వచ్చాడు. 1960 జనవరిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద అయిదు రోజులూ బ్యాటింగు చేసి రికార్డు పెట్టాడు. కాలరు ఎత్తి కట్టే జయసింహ మోజు అప్పటి కుర్రాళ్ళలో ఎంతదో చెబితే అయ్యేది కాదు. ఇలాంటి అన్నల మధ్య పెరిగిన తమ్ముడు అసిఫ్.

"మీరు ఆయన్ని చూశారా?" అని అడిగాను పెద్దాయన్ని. కాస్త గొప్పలు పోతారనుకున్నాను. పోలేదు. "చూడలేదమ్మా. చూసినోళ్ళను చూసిన" అన్నారు. జింఖానా మైదానంలో చెట్టుకింద కూర్చున్న సీనియర్లు ఎప్పుడూ ఆ పిల్లాడి పేరే తలుచుకునేవారట. అప్పటికే పిల్లాడు ఊళ్ళో లేడు.

అవును, 1961లో అసిఫ్ పాకిస్తాన్‌కి వలస వెళ్ళిపోయాడు. పద్ధెనిమిదేళ్ళ వయసు. దేశం రెండుగా విడిపోయి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఎన్నో కుటుంబాల్లో అన్న ఇక్కడ, చెల్లెలు అక్కడ. ఆ ఏడే మా ఉప్పల్ రోడ్డు మీద భూభౌతిక పరిశోధన సంస్థ వెలిసింది, భూమి పొరల్లో పగుళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి. మనుషుల మధ్య పగుళ్ళు కనిపెట్టే యంత్రం మాత్రం ఇంతవరకు ఎవరూ చెయ్యలేదు.

వేళావిశేషం చూడండి. 1960-61 చలికాలంలో పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చి అయిదు టెస్టులాడింది. అయిదూ డ్రా. ఆ తర్వాత పదిహేడేళ్ళపాటు రెండు దేశాల మధ్యా ఒక్క టెస్టు కూడా జరగలేదు. మధ్యలో 1965 యుద్ధం, 1971 యుద్ధం. అంటే అసిఫ్ అలా గడప దాటాడో లేదో, ఇలా తలుపు మూసుకుందన్నమాట.

మనకో బౌలరు తక్కువయ్యాడు గదా, మరి ఆ ఖాళీ? 1962-63లో భారత క్రికెట్ బోర్డు మనవాళ్ళకి వేగంగా వచ్చే బంతిని ఆడడం అలవాటు కావాలని నలుగురు వెస్టిండీస్ ఫాస్టు బౌలర్లని పిలిపించి, ఒక్కొక్కరినీ ఒక్కో రాష్ట్ర జట్టుకి పంచింది. హైదరాబాదు వాటాకి వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్, జమైకావాడు. కోపిష్ఠి అని పేరు. అంతకు నాలుగేళ్ళ కిందట ఇండియా టూరు మధ్యలోంచే వాళ్ళ జట్టు అతన్ని ఇంటికి పంపేసింది. అలాంటివాడు ఇక్కడికొచ్చి హైదరాబాదు తరఫున రంజీ ఆడాడు. మా పెద్దాయన అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు, ఆయన్ని కళ్ళారా చూశారు. "గాయన ఉరికొస్తుంటే బౌండ్రీ దగ్గరున్న మాకే కాళ్ళు వణికె" అంటారు. హైదరాబాదులో పుట్టిన బౌలరు కరాచీలో, జమైకాలో పుట్టిన బౌలరు హైదరాబాదులో! ఇందులో ఎవరు మనవాడు, ఎవరు పరాయివాడు?

అక్కడ అసిఫ్ చెయ్యి తిరుగుతోంది. 1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియా మీద మొదటి టెస్టు. అప్పుడూ బౌలరుగానే. కొత్త బంతి పంచుకున్నది అదే రోజు టెస్టుల్లోకి వచ్చిన మాజిద్ ఖాన్‌తో. బ్యాటింగులో పదో స్థానం. వంటింట్లో చివరిపీట వేసినట్టన్నమాట!

1967 ఆగస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆ చివరిపీట వాడే పెళ్ళికొడుకయ్యాడు. పాకిస్తాన్ రెండో ఇన్నింగ్సులో 65 పరుగులకి ఎనిమిది వికెట్లు పోయాయి. ఇన్నింగ్సు ఓటమి తప్పాలన్నా 224 కావాలి. ఇక సామాను సర్దుకోవడమే అనుకుంటున్న వేళ తొమ్మిదో వికెట్టుకి అసిఫ్, ఇంతికాబ్ ఆలం కలిసి 190 పరుగులు చేశారు. అసిఫ్ ఒక్కడే 146. తొమ్మిదో వికెట్టుకి ఆ ప్రపంచరికార్డు 1998 దాకా చెక్కుచెదరలేదు. అతని సెంచరీ కాగానే అభిమానులు మైదానంలోకి ఉరికి భుజాల మీద ఎత్తుకున్నారు. మ్యాచి మాత్రం ఇంగ్లండే గెలిచింది. ఓడిన మ్యాచిలో ఊరేగినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి!

మర్నాటి ఏడు, 1968లో, క్రికెట్ పంచాంగంలాంటి విజ్డెన్ ఆ ఏటి అయిదుగురు మేటి ఆటగాళ్ళని ప్రకటించింది. అందులో అసిఫ్ ఇక్బాల్ ఒకడు. అదే జాబితాలో మన కెప్టెన్ పటౌడీ నవాబు కూడా ఉన్నాడు. పటౌడీ పుట్టింది భోపాల్లో. మొదట ఢిల్లీకి ఆడేవాడు. ఆ రోజుల్లో రంజీ ఎవరికి ఆడుతున్నాడో తెలుసా? హైదరాబాదుకి! ఎక్కడివాడో వచ్చి మన జట్టులో చేరాడు. మన జట్టులోవాడు ఎక్కడికో వెళ్ళాడు. ఇద్దరూ ఒకే పుస్తకంలో, ఒకే ఏడు, పక్కపక్కన. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఎందుకో గొంతులో ఏదో అడ్డంపడింది కూడా.

ఆ తర్వాత అసిఫ్ ఇంగ్లండులో కెంట్ కౌంటీకి 1968 నుంచి 1982 దాకా ఆడాడు. వాళ్ళకీ కెప్టెన్ అయ్యాడు. వికెట్ల మధ్య పరుగుకి అతన్ని మించినవాడు లేడన్న పేరొచ్చింది. పక్కవాడు ఆలోచించే లోపల ఒక పరుగు తీసి, రెండోదానికి తిరిగేవాడట.

1978లో మూసిన తలుపు తెరుచుకుంది. మనవాళ్ళు పాకిస్తాన్ వెళ్ళారు. అసిఫ్ టెస్టుల్లో భారతదేశం మీద ఆడడం అదే మొదలు, ముప్ఫయ్యయిదేళ్ళ వయసులో. ఫైసలాబాదులో జరిగిన మొదటి టెస్టులోనే సెంచరీ చేశాడు. కరాచీలో చివరిరోజు సాయంత్రం వంద నిమిషాల్లో 164 పరుగులు కావాలి. అసిఫ్‌ని ఇన్నింగ్సు మొదట్లోనే పంపారు. అతనూ, మియాందాదూ కలిసి మనవాళ్ళని ఉరుకులు పెట్టించారు. పాకిస్తాన్ గెలిచింది. ఆ సాయంత్రం రేడియో దగ్గర కూర్చున్న హైదరాబాదువాళ్ళ మనసెలా ఉండి ఉంటుంది? "మనం ఓడిపోయినం. ఓడగొట్టినోడు గూడ మనోడే. ఏడ్వాల్నా, నవ్వాల్నా?" అన్నారు పెద్దాయన, ఇప్పటికీ తేల్చుకోలేనట్టు.

ఆ మరుసటి ఏడు, 1979-80లో, పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చింది. కెప్టెన్ అసిఫ్ ఇక్బాల్. పద్ధెనిమిదేళ్ళప్పుడు వెళ్ళినవాడు ముప్ఫయ్యారేళ్ళప్పుడు, అవతలి జట్టు నాయకుడై తిరిగొచ్చాడు. ఆ సమయానికి మన క్రికెట్ బోర్డు కార్యదర్శి ఎవరో చెబితే మీరు నమ్మరు. గులాం అహ్మద్! 1975 నుంచి 1980 దాకా ఆయనే. పిలిచిన ఇంటి పెత్తనం పెద్దాయనది, వచ్చిన పెళ్ళివారి పెత్తనం ఆ ఇంటి పిల్లాడిది. నేను నవలలో ఇలా రాస్తే "మరీ కల్పన" అని మా సంపాదకులు ఎర్రసిరాతో కొట్టేసేవారు. చరిత్రకి ఎర్రసిరా లేదు గదా!

ఆరు టెస్టుల్లో మనం రెండు గెలిచాం, నాలుగు డ్రా. చివరిది కలకత్తాలో, 1980 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. అసిఫ్‌కి అదే ఆఖరి టెస్టు. 58 టెస్టులు, 11 సెంచరీలు, పాకిస్తాన్ టోపీతో. కానీ ఆ టోపీ చివరిసారి తీసింది పుట్టిన దేశపు నేల మీద.

ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. 1980ల్లో అబ్దుల్ రహమాన్ బుఖాతిర్ అనే అరబ్బు వ్యాపారితో కలిసి షార్జా ఎడారిలో క్రికెట్ పోటీలు నడిపించాడు. ఆ డబ్బులోంచి రిటైరైన పాతతరం ఆటగాళ్ళకి, ఇండియావాళ్ళకీ పాకిస్తాన్‌వాళ్ళకీ కూడా, పెద్దమొత్తాలు ఇచ్చారు. రెండిళ్ళ ముసలివాళ్ళనీ ఒకేలా చూసుకోవడం అందరికీ చేతకాదు.

ఇప్పుడు చెబుతాను, ఆ రాత్రి నాకు నిద్ర ఎందుకు పట్టలేదో.

మాది తెనాలి. పెళ్ళయి నాచారం వచ్చేటప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. అప్పుడు ఉప్పల్ స్టేడియంలో మ్యాచిలింకా మొదలుకాలేదు. మొదటి వన్డే జరిగింది 2005 నవంబరులో. తెనాలి వెళ్ళాలంటే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అమ్మ చేతి కాఫీ. ఒకే రాష్ట్రం, ఒకే మాట. 2014 జూన్ 2న పొద్దున్న లేచేసరికి నా పుట్టిల్లు ఇంకో రాష్ట్రంలో ఉంది. నేను కదల్లేదు, అమ్మా కదల్లేదు. గీత కదిలింది. యుద్ధం లేదు, వీసా లేదు, రైలూ అదే. అసిఫ్ దాటిన గీతతో దీన్ని పోల్చడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ పొద్దున్న మా తమ్ముడు ఫోను చేసి, వేళాకోళానికే, "ఏమ్మా, మీ రాష్ట్రంలో అంతా కులాసాయేనా?" అన్నాడు. "మీ" అన్న ఆ ఒక్క అక్షరం ముల్లులా గుచ్చుకుంది. నవ్వి ఫోను పెట్టేశాను గానీ, ఆ పూట అన్నం సయించలేదు.

అసలు విచిత్రం క్రికెట్‌లో ఉంది. రాష్ట్రం ఒక్కటిగా ఉన్న యాభయ్యెనిమిదేళ్ళూ రంజీ పోటీల్లో హైదరాబాదు జట్టు వేరు, ఆంధ్ర జట్టు వేరు! మా తమ్ముడు ఆంధ్ర వైపు, మావారు హైదరాబాదు వైపు. పండక్కి వచ్చినప్పుడు బావా బావమరుదులిద్దరికీ పేపరు దగ్గర పేచీ. "నువ్వెవరి పక్షం?" అని ఇద్దరూ నన్నే నిలదీసేవారు. "గారెలు ఎవరికి కావాలో చెప్పండి, పక్షం తర్వాత చెబుతాను" అని వంటింట్లోకి జారుకునేదాన్ని.

ఈ "ఎవరి పక్షం" అనే ప్రశ్న మనకి కొత్తా? తాళి కట్టిన రోజు నుంచీ ప్రతి ఆడదానికీ ఉన్నదే. పుట్టింటి మాట మాట్లాడితే అత్తింట్లో మూతి విరుపు. అత్తింటిని మెచ్చుకుంటే "అప్పుడే వాళ్ళమ్మాయి అయిపోయావే" అని పుట్టింట్లో నిష్ఠూరం. మనం ఎవరికి జవాబు చెప్పాం? ఇక్కడ దీపం పెడతాం, అక్కడి క్షేమం తలుచుకుంటాం. రెండూ అబద్ధం కావు. మగవాళ్ళు దీన్ని దేశభక్తి అనీ, ద్రోహమనీ పెద్ద పెద్ద మాటలతో కొలుస్తారు గానీ, అసిఫ్ ఇక్బాల్ సంగతి ఇల్లు మారిన ఆడపిల్లకి చెబితే చిటికెలో అర్థమవుతుంది. చేరిన ఇంటికి ఒళ్ళు దాచుకోకుండా చాకిరీ చేశాడు. కరాచీ సాయంత్రం మన మీద కూడా శక్తివంచన లేకుండా పరిగెత్తాడు. అలా పరిగెత్తకపోతేనే తప్పు. అంతమాత్రాన పుట్టిన ఊరు అతని పేరు చెరిపేసుకోవాలా? అక్కర్లేదని జింఖానా చెట్టుకింద కూర్చున్న సీనియర్లు ఏనాడో తేల్చేశారు.

బంధుత్వాలు గీతలని లెక్కపెట్టవు. 2003లో వింబుల్డన్‌లో బాలికల డబుల్స్ గెలిచి, 2015లో పెద్దవాళ్ళ డబుల్స్ కూడా గెలిచిన మన సానియా మీర్జా లేదూ, ఆ అమ్మాయి కూడా గులాం అహ్మద్‌కీ అసిఫ్ ఇక్బాల్‌కీ దూరపు చుట్టమే. ఒకే వంశవృక్షంలో భారత కెప్టెన్ ఒకరు, పాకిస్తాన్ కెప్టెన్ ఒకరు, టెన్నిస్ రాకెట్టు పట్టిన ఆడపిల్ల ఒకతె!

మర్నాడు పొద్దున్న మా చిన్నాడికి టిఫిను పెడుతూ ఇదంతా చెప్పాను. విన్నాడు. ఇడ్లీ నోట్లో పెట్టుకుని, "అయితే మరి ఆయన మనవాడా, వాళ్ళవాడా? ఒకటి చెప్పు" అన్నాడు. పరీక్షలో జవాబు ఒకటే ఉండాలి కదా వాళ్ళకి!

"తెనాలి అమ్మమ్మని అడుగు, నేను ఎవరిదాన్నో" అన్నాను. వాడికేం అర్థమైందో, చట్నీ మీద దృష్టి పెట్టేశాడు.

ఈమధ్య ఒక సాయంత్రం వాడి స్నేహితుడొచ్చాడు. ఇద్దరూ టీవీలో ఏదో పాత మ్యాచి చూస్తున్నారు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. ఆ పిల్లాడు ఏదో అన్నట్టున్నాడు. మావాడి గొంతు గట్టిగా వినిపించింది, అచ్చం వీధి చివరింటి పెద్దాయన యాసలో:

"నీకెరుకనా? ఒకప్పుడు వాళ్ళ కెప్టెన్ మనోడే బిడ్డా!"

పోపు కాస్త మాడింది. మాడితే మాడిందిలెండి.